జూన్‌లో పుట్టిన పిల్లలు

మా బడి ఆటల మాస్టరు భూపాల్ సార్ అంటే మొదట్లో నాకు పడేది కాదు. కారణం చిన్నదే. నేను సాంఘికశాస్త్రం చెప్తాను. రోజూ కామారెడ్డిలో బస్సెక్కి ఎల్లారెడ్డిలో దిగి, అక్కణ్ణుంచి షేర్ ఆటోలో ముగ్గురు పట్టే సీట్లో ఐదుగురం ఇరుక్కుని బడికి చేరతాం. అంత అవస్థపడి వచ్చి ఐదో పీరియడుకు తొమ్మిదో తరగతిలోకి వెళ్తే సగం బెంచీలు ఖాళీగా ఉండేవి. ఆ సగం గ్రౌండులో ఉండేది. ఏంటిదని అడిగితే మండల పోటీలున్నాయి, ఖోఖో ప్రాక్టీసు అనేవాడు. పోటీలు అయిపోయాక కూడా ప్రాక్టీసు ఉండేది. నా పీరియడ్లు తిన్నవాళ్లకు అరగదని స్టాఫ్‌రూంలో అందరి ముందూ అన్నాను. ఆయన నవ్వేసి, డబ్బా మూత తీసి సర్వపిండి ముక్క ఒకటి నా ముందుకు జరిపాడు.

పొట్టి మనిషి. నడుస్తున్నా పరుగెత్తుతున్నట్టే ఉండేవాడు. మోచేతుల మీద, మోకాళ్ల మీద పాత దెబ్బల మచ్చలు. పుట్టింది దోమకొండలో. తల్లి బీడీలు చేసి చదివించింది. చిన్నప్పుడు ఖోఖోలో జిల్లా జట్టు దాకా ఆడాడట. రాష్ట్ర జట్టు దాకా ఎందుకు పోలేదని ఒకసారి అడిగాను. పై అధికారుల పక్షపాతమో, ఇంట్లో కష్టమో చెప్తాడనుకున్నాను. "నాకంటె మంచిగ ఆడెటోళ్లుండిరి మేడం," అన్నాడు. తన గురించి అంత నిజం చెప్పుకునే ఆటగాణ్ని నేను అంతకుముందు చూడలేదు.

వ్యాయామ విద్య చదివాక ఉద్యోగం వెంటనే రాలేదు. మా బడికి రెండు కిలోమీటర్ల దూరంలోని ఒక ఊళ్లో ప్రైమరీ స్కూల్లో ఆరేళ్లు విద్యా వలంటీరుగా చేశాడు. ఏ ఏటికా ఏడు, వచ్చే ఏడు ఉంచుతారో తీసేస్తారో తెలియని కొలువు. ఆ తర్వాత పరీక్ష రాసి పీఈటీ అయ్యాడు. మూడేళ్ల కిందట బదిలీ మీద మా హైస్కూలుకు వచ్చాడు. వచ్చేసరికి మా గ్రౌండు అంటే కంకర, సర్కారు తుమ్మ, మధ్యలో ఊరి మేకలు. శనివారం చివరి రెండు పీరియడ్లు పిల్లలతో రాళ్లు ఏరించాడు. ఊరి వడ్రంగిని బతిమాలి రెండు టేకు స్తంభాలు చెక్కించి పాతాడు. సున్నం ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి కాబట్టి ఆడపిల్లలు ఇంటి నుంచి తలా పిడికెడు ముగ్గుపిండి తెచ్చేవాళ్లు. దాంతో కోర్టు గీతలు గీసేవాడు. వాన పడితే మళ్లీ పిడికెడు.

ఆ గీతల మధ్య పుట్టిందే శ్వేత ఆట. పదో తరగతి పిల్ల, చూస్తే ఏడో తరగతిలా ఉంటుంది. తండ్రి మహారాష్ట్రలోని భివండిలో మగ్గాల పనిలో ఉంటాడు, పండక్కి వచ్చి పోతాడు. తల్లి నర్సవ్వ బీడీలు చేస్తుంది, నాట్లప్పుడు కూలికి పోతుంది. నా క్లాసులో శ్వేత నోరు విప్పేది కాదు. రాజ్యాంగ ప్రవేశిక అప్పజెప్పమంటే గోడ వైపు చూసేది. కోర్టులో దిగితే మాత్రం, గోడ వైపు చూడటం ఆమెను పట్టుకోవాల్సిన తొమ్మిది మంది వంతయ్యేది.

నిరుడు సెప్టెంబరులో కామారెడ్డిలో జిల్లా పోటీలు జరిగాయి. పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లల జట్టులో శ్వేత ఉంది. ఆదివారం కదా, ఇంటికి దగ్గరే కదా అని వెళ్లాను. నిజం చెప్పాలంటే, ఇన్ని పీరియడ్లు తిని వీళ్లు ఏం సాధిస్తారో చూద్దామని వెళ్లాను. ఖోఖోలో ఒక పిల్ల మూడు నిమిషాలు దొరక్కుండా ఉంటే గొప్ప. శ్వేత నాలుగు నిమిషాల నలభై సెకండ్లు దొరకలేదు. స్తంభం దగ్గరికి వచ్చి, అటు పోతున్నట్టు భుజం వంచి ఇటు పోయేది. చుట్టూ జనం లేచి నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను, గొంతు పోయేలా అరిచాను కూడా. భూపాల్ సార్ మాత్రం విజిలును పళ్ల మధ్య కొరుకుతూ గీత బయట కూర్చుండిపోయాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి.

రాష్ట్ర పోటీలకు పన్నెండు మంది పేర్లు చదివారు. మూడో పేరు శ్వేత. పోటీలు చూడటానికి వచ్చిన ఒక కోచ్ భూపాల్ సార్‌ను పక్కకు పిలిచి, ఈ పిల్ల రాష్ట్ర పోటీల్లో ఆడితే చాలు, క్రీడా హాస్టల్ ఎంపికలకు తానే పిలిపిస్తానన్నాడు. హాస్టల్లో సీటు అంటే తిండి, ఆట, ఇంటరు చదువు, అన్నీ అక్కడే.

ఆ సాయంత్రమే ఈ సంగతి చెప్పడానికి సార్ నర్సవ్వ ఇంటికి వెళ్లాడు. నర్సవ్వ సంతోషించింది, కానీ తన లెక్క తను చెప్పింది. "సీటొస్తె ఆడనీ సారూ, నేనేం అడ్డం రాను. రాకపోతె మాత్రం పది కాంగనె నా పక్కకు కూసొని బీడీలు చెయ్యవలసిందే. ఒక్కదాన్ని ఎన్నేండ్లని ఈడుస్త." అందులో కోపం లేదట. రేపు ఎండ కాస్తుందని చెప్పినట్టు చెప్పిందట.

మర్నాడు సోమవారం జిల్లా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. మండల, జిల్లా పోటీలకు మేం పంపిన పేర్ల జాబితా సరిపోయింది. రాష్ట్రానికి పంపేటప్పుడు పుట్టిన తేదీ పత్రం చూస్తారు. బడి రికార్డు ప్రకారం శ్వేత పుట్టింది 2010 జూన్ పదిన. ఆ ఏడు పద్నాలుగు లోపు జట్టులో ఆడాలంటే 2011 జనవరి ఒకటి తర్వాత పుట్టి ఉండాలి. అంతకుముందు ఏడు నడిచిన తేదీ ఆ ఏడు నడవలేదు. పెద్దపిల్లల జట్టులో ఆడించుకోండి అన్నారు. ఆ జట్టు ఎంపికలు అప్పటికే అయిపోయాయి, పైగా ఆ పిల్లల పక్కన నిలబెడితే శ్వేత వాళ్ల భుజం దాకా రాదు.

తేదీ తప్పయి ఉంటుందని భూపాల్ సార్‌కు వెంటనే తోచింది. మాకెవరికైనా తోస్తుంది. మా చుట్టుపక్కల ఏ బళ్లోనైనా పాత రిజిస్టరు తెరవండి, సగం మంది జూన్‌లోనే పుట్టి ఉంటారు. బడులు తెరిచేది జూన్‌లో. ఒకటో తరగతిలో చేర్చుకోవాలంటే ఐదేళ్లు నిండాలి. తల్లులేమో నాలుగేళ్ల పిల్లను చంకనేసుకుని వస్తారు. ఎప్పుడు పుట్టిందమ్మా అంటే పీర్ల పండగ ముందనో, చెరువు నిండిన ఏడనో చెప్తారు. పంతులు పిల్లను ఎగాదిగా చూసి, ఆ రోజుకు సరిగ్గా ఐదేళ్లు నిండేలా ఒక జూన్ తేదీ వేసేస్తాడు. నేను కూడా కాగితం మీద జూన్ ఒకటిన పుట్టినదాన్నే. మా అమ్మ మాత్రం నేను గజగజ వణికే చలిలో పుట్టానంటుంది.

మంగళవారం పొద్దున సార్ శ్వేత చదివిన ప్రైమరీ స్కూలుకు, ఒకప్పుడు తాను వలంటీరుగా చేసిన బడికే, వెళ్లాడు. శ్వేత చేరింది తాను మానేశాక అనుకుని, ఏ పంతులు రాశాడో కనుక్కుని, ఆయన చేత ఒక ముక్క రాయించుకుందామని. అడ్మిషన్ రిజిస్టరు తీయించి చూశాడు. 2015 జూన్ పదిన చేరిన పద్దెనిమిది మంది పేర్లూ తన చేతిరాతే.

అక్కణ్ణుంచి నర్సవ్వ దగ్గరికి వెళ్లాడు. ఆమె బీడీలు చుట్టే తునికాకును నీళ్లు చల్లి మెత్తబరుస్తోంది. విషయం విని లోపలికి వెళ్లి, బట్టల మూటలోంచి టీకాల కార్డు తెచ్చింది. అందులో శ్వేత పుట్టిన తేదీ 2011 మార్చి రెండు, శివరాత్రి. ఈ కార్డు బళ్లో వేసిన రోజే ఎందుకు చూపించలేదని సార్ అడిగాడు.

"సూపిస్తె నువ్వే వద్దంటివి గద సారూ," అంది నర్సవ్వ. "బోర్ల కింద ముందటి నాట్లు నడుస్తుండె. పిల్లను ఒడ్డు మీద పండుకోవెట్టి నాటేస్తుంటి. నువ్వు ఆ తొవ్వపొంటి పోతుంటె సూసి, పాము గిట్ల వస్తె ఎట్ల, తీస్కరా, ఐదేండ్లని రాస్త, మాపటిదాక బళ్లె ఉంటది, అన్నం తింటది అంటివి. నీ పున్నెమాని పిల్ల బతికింది."

ఇదంతా ఆయన బుధవారం మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో నాకు చెప్పాడు. అన్నం డబ్బా తెరవలేదు. ఆఫీసులో కనుక్కున్నాడు, దారి ఉంది. టీకాల కార్డు, హెడ్మాస్టరు గారి ఉత్తరం, ఆ తేదీ వేసిన మనిషి ఇది నేను వేసిన తప్పు తేదీ అని సంతకంతో రాసిచ్చే కాగితం. మూడూ గురువారం సాయంత్రం ఐదు లోపు కామారెడ్డికి చేరితే పిల్లను జట్టులో ఉంచి, మిగతాది తర్వాత చూసుకుంటారు. నువ్వు రాసిస్తే నేను సంతకం పెడతానని హెడ్మాస్టరు గారు అప్పటికే అన్నారు. ఇక మిగిలింది భూపాల్ సార్ రాయాల్సిన కాగితం ఒక్కటే.

దాని దగ్గరే ఆయన ఆగిపోయాడు. శ్వేత ఒక్కతే అయితే ఒక సంగతి. ఆరేళ్లలో అలా అరవై మందికి పైగా రాశాడు. తెలిసి తప్పుడు తేదీ వేశానని చేతులారా రాసిస్తే, రేపు ఆ అరవై మంది సంగతి అడగరా? ఎంక్వైరీ వేయరా? ఎన్నేళ్లు ఎదురుచూస్తే వచ్చిన కొలువు. ఇంట్లో తల్లి మంచాన ఉంది, ఇద్దరు పిల్లలు చదువుతున్నారు. ఏం చేయమంటావని నన్ను అడిగాడు.

ఇక్కడ నా సంగతి నేను దాచుకోను. పిల్లలకు హక్కులూ బాధ్యతలూ పాఠం చెప్పే నేను, కుర్చీ దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించి చెప్పాను. గమ్మునుండు సార్ అన్నాను. కొరివితో తల గోక్కుంటారా ఎవరైనా అన్నాను. ఆట ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు ఉంటుంది, నౌకరీ పోతే మళ్లీ రాదు అన్నాను. వచ్చే ఏడు ఆ పిల్ల బళ్లోనే ఉండదని నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఆయన తలూపాడు. ఆ తలూపడం చూసి నాకు హాయిగా కూడా అనిపించింది.

ఆ మూడు రోజులూ శ్వేత ప్రాక్టీసు మానలేదు. తేదీలో ఏదో తిరకాసు ఉందని, సార్ చూసుకుంటున్నాడని మాత్రమే ఆమెకు తెలుసు. మిగతా పిల్లలు బతుకమ్మ పాటల రిహార్సల్‌లో ఉంటే, ఈమె ఒక్కతే రెండు స్తంభాల మధ్య పరుగెత్తేది. స్టాఫ్‌రూం కిటికీలోంచి కనిపించేది. భూపాల్ సార్ ఆ కిటికీ దగ్గర నిలబడి చూసేవాడు, గ్రౌండులోకి మాత్రం దిగేవాడు కాదు. గురువారం బడి వదిలాక ఆమె ఆయన దగ్గరికి వచ్చి, నిహారిక వాళ్ల అక్క బూట్లు ఇస్తానంది సార్, బ్యాగులో ఇంకా ఏమేం పెట్టుకోవాలని అడిగింది. రేపు చెప్తానన్నాడు. అప్పటికి టైం నాలుగున్నర.

శుక్రవారం పొద్దున నేను బడికి వచ్చేసరికి ఆయన హెడ్మాస్టరు గారి గది ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో కాగితం. రాత్రి భార్య కళ్యాణికి అంతా చెప్పాడట. ఆమె ఒక్కటే అడిగిందట, మన పిల్ల అయితే రాసేటోనివా కాదా అని. పొద్దున లేచి రాశాడు. నాకంటే తక్కువ చదువుకున్న కళ్యాణి అడిగిన ఆ మాట నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ అనుకుంటాను. గడువు దాటిందని ఆయనకు తెలుసు. ఒక్క పూటే కదా, కాళ్లు పట్టుకుంటానన్నాడు. సంతకం పెట్టించుకుని దొరికిన బస్సులో కామారెడ్డి వెళ్లాడు.

ఆఫీసులో ఒక పెద్దాయన కాగితాలు తీసుకుని నిదానంగా చదివాడట. జాబితా నిన్న సాయంత్రం ఆరింటికి పోయిందన్నాడు. ఐదున్నర దాకా చూశామని, మీ బడి నుంచి ఎవరూ రాకపోతే రిజర్వులో ఉన్న పిల్ల పేరు ఎక్కించామని చెప్పాడు. ఆ పిల్లకు, వాళ్ల ఇంటికి కబురు కూడా వెళ్లిందట. ఇప్పుడు ఆమె పేరు కొట్టేయమంటారా అని అడిగాడు.

భూపాల్ సార్ కాగితం తిరిగి తీసుకోబోతే పెద్దాయన వద్దన్నాడు. ఉంచండి, పదో తరగతి మెమోలో అయినా సరైన తేదీ పడుతుంది అన్నాడు. నామీద ఎంక్వైరీ ఎప్పుడుంటది సార్ అని ఈయన అడిగాడు. పెద్దాయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్లద్దాలు తీసి చూశాడు.

"గిసొంటియి నెలకు పది వస్తయ్ సార్. నేను సుత కాయితం మీద జూన్లనే పుట్టిన. దీనికి నౌకరీలు పోతె ఈ జిల్లాల పంతులనేటోడు మిగలడు. గందుకే నిన్న రాలేదా మీరు?"

బస్సు దిగి బడికి వచ్చేసరికి మూడయింది. ఈ మాట ఆయన నాకు చెప్తుంటే నా చేతిలోని సుద్దముక్క విరిగింది. తప్పు చేసి శిక్ష పడితే మనిషి మోయగలడేమో. లేని శిక్షకు భయపడి ఒక పిల్ల దారి మూసేశామంటే ఎలా మోయాలి? ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

శనివారం బళ్లో బతుకమ్మ. ఆడపిల్లలంతా లంగా ఓణీల్లో, తంగేడు, గునుగు పూలతో వచ్చారు. ప్రార్థన జరిగే చోట బతుకమ్మలు పెట్టి చప్పట్లు మొదలుపెట్టారు. భూపాల్ సార్ నా దగ్గరికి వచ్చి, "నువ్వు గూడ రా మేడం. నేనొక్కణ్నే పోతె సగం మాట మింగుతనేమో," అన్నాడు. శ్వేతను నీళ్ల ట్యాంకు దగ్గరికి పిలిపించాడు. జడ నిండా బంతిపూలు పెట్టుకుని వచ్చింది.

ఆయన ఏమీ మింగలేదు. తేదీ వేసింది తనేనని చెప్పాడు. కాగితం రాసిస్తే పనయ్యేదని, నౌకరీ పోతుందని భయపడి మూడు రోజులు రాయలేదని, రాసేసరికి ఇంకో పిల్ల పేరు పోయిందని చెప్పాడు. నేను ఇచ్చిన సలహా మాత్రం చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

శ్వేత ఓణీ కొసను వేలికి చుట్టుకుంటూ విన్నది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. అడిగింది.

"నేను గ్రౌండ్ల ఉరుకుతుంటె కిటికిల నిలవడి సూస్తుంటిరి గద సార్. అప్పుడు గూడ రాయబుద్ధి కాలేదా?"

ఆమె పాట దగ్గరికి వెళ్లి వరసలో కలిసింది. చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత మళ్లీ కోర్టులో అడుగు పెట్టలేదు. రోజూ బడికి వచ్చేది, హోంవర్కు రాసేది, నా క్లాసులో గోడ వైపు చూసేది. నేను ప్రవేశిక అప్పజెప్పమని ఆమెను ఇంకెప్పుడూ అడగలేదు.

డిసెంబరులో రికార్డులో తేదీ మారింది. ఏప్రిల్ చివర ఫలితాలొచ్చాయి, మామూలు మార్కులతో గట్టెక్కింది. జూన్ మొదట్లో, బడి తెరిచే ముందు, పాత పిల్లలు టీసీల కోసం వస్తున్న రోజుల్లో నర్సవ్వ, శ్వేత వచ్చారు. ఆఫీసు గదిలో నేను, భూపాల్ సార్ ఉన్నాం. ఎనిమిది నెలల్లో మనిషి సగమయ్యాడు. జట్టును ఆడిస్తూనే ఉన్నాడు కానీ నా పీరియడ్ల జోలికి రావడం మానేశాడు. ఒకటి రెండుసార్లు నేనే తీసుకోమన్నాను, వద్దన్నాడు.

టీసీ ఆయనే తీసి ఇచ్చాడు. నర్సవ్వకు చదవడం రాదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "గిప్పుడు తేది మంచిగ వడ్డదా సారూ?" అని అడిగింది. పడిందన్నాడు. ఆమె కొంగు సర్దుకుని, చేతిలోని సంచి ఆయన ముందు పెట్టింది. నిండా తాటిముంజలు.

"పిల్ల అంత చెప్పింది సారూ. తేది మార్పియ్యనీకె కామారెడ్డి దాక ఉరికినవట, ఆఫీసోళ్ల కాళ్లు గూడ వట్టుకుంటనన్నవట. సొంత తండ్రి చేస్తడా గట్ల? సీటు రాకపోతె రాకపాయె, మా నసీబు. నీ రుణం మేమెట్ల తీర్చుకుంటం."

నేను శ్వేత వైపు చూశాను. ఆమె తలుపు దగ్గర నిలబడి బయట గ్రౌండు కేసి చూస్తోంది. మూడు రోజుల సంగతి తల్లికి చెప్పలేదు. ఎనిమిది నెలలు ఒకే గదిలో, ఒకే బీడీల చాట ముందు కూర్చుని, ఒక్కసారి కూడా చెప్పలేదు.

భూపాల్ సార్ కుర్చీలోంచి లేచాడు. "నర్సవ్వా, అట్ల కాదు, నేను..." అని మొదలుపెట్టాడు.

"పోదాం పా అవ్వా," అంది శ్వేత, ఇటు తిరక్కుండానే. "పొద్దుగాల్నే ఆకు నానవెట్టి వచ్చిన."